ఎర్నెస్టు సాల్వే

కొంతకాలమునుండి వార్తాపత్రికలయందు క్వాంటము అను మాట తఱచుగ కనబడుచున్నది. 2023వ సంవత్సరము ఏప్రిలు నెలలో కేంద్రప్రభుత్వమువారు 6,003 కోట్ల రూపాయల వ్యయముతో జాతీయ క్వాంటము మిషను అను కార్యక్రమమును అంగీకరించిరి. (మిషను అను మాట మన పాఠశాలవారికి క్రొత్తది కాదు.) 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు అమరావతియందు క్వాంటము వ్యాలీ నెలకొల్పుటకు పూనుకొనిరి. శాస్త్రజ్ఞులును, పరిశ్రమాధిపతులును, రాజ్యపాలకులును ఒక్కచోట కూడి పనిచేయవలె నన్నది ఈ రెండు ప్రయత్నములకును మూలమైన తలంపు. ఇది నిన్న మొన్న పుట్టిన తలంపని మా విద్యార్థులు భావింపవచ్చును. కాని క్వాంటము సిద్ధాంతమునకు పట్టుమని పదునొకండేండ్లు నిండకముందే, అనగా 1911లోనే, అట్టి కూటమి యొకటి బ్రస్సెల్సు నగరమున జరిగినది. దానిని పిలిచినవాడు ఆచార్యుడు కాడు. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కిన విద్యార్థియు కాడు. సోడా చేసి అమ్ముకొనిన వర్తకుడు. ఆయన చరిత్రమును ఈ సంచికలో మా చదువరులకు తెలుప దలచితిమి.

ఎర్నెస్టు సాల్వే 1838 ఏప్రిలు 16వ తేదీన బెల్జియము దేశమందలి రెబెక్ అను చిన్న యూరిలో జన్మించెను. ఆనాటికి బెల్జియము ఎనిమిదేండ్ల పసిరాజ్యము. తండ్రి అలెగ్జాండరు రాతిగనుల పనియు, ఉప్పు శుద్ధిచేసి అమ్ము వ్యాపారమును చేయుచుండెను. బాలుడు మాలోన్ అను చోట క్రైస్తవ సహోదరులు నడపుచుండిన పాఠశాలలో చదివెను. పదార్థవిజ్ఞానమునందును రసాయనశాస్త్రమునందును ఆయనకు మక్కువ మెండు. ఇంజనీరు కావలెనని కోరిక. కాని చదువు ముగియు ప్రాయమున ఊపిరితిత్తుల పొరకు వాపు కలిగి, పెద్దచదువులకు పోవు ఆశ వదలుకొనవలసి వచ్చెను. మన పాఠశాలలలోను వ్యాధిచేతనో పేదఱికముచేతనో చదువు నడుమ ఆగిపోయిన పిల్లలు ప్రతియేటను కొందఱు ఉందురు. వారిని తలచుకొనియే ఈ భాగమును వ్రాయుచున్నాము.

ఇరువది యొకటవ యేట ఆయన తన బంధువగు సెమే గారి గ్యాసు కర్మాగారమున పనికి కుదిరెను. ఆ కాలమున నగరములలో వీథిదీపములు బొగ్గునుండి తీసిన గ్యాసుతో వెలుగుచుండెడివి. ఆ గ్యాసును నీటితో కడిగినప్పుడు ఘాటైన అమ్మోనియా ఆ నీటిలో చేరును. ఆ కంపునీటిని ఏమి చేయుటయో ఎవరికిని తోచకుండెను. దానిని చిక్కబఱచి అమ్ముడుపోవునట్లు చేయుట ఈ యువకునికి అప్పగింపబడిన పని. ఆయన ఆ నీటితో పరీక్షలు చేయుచు, ఉప్పునీటిలో అమ్మోనియాను కలిపి దానిలోనికి బొగ్గుపులుసు వాయువును పంపినయెడల తెల్లని పొడి అడుగున దిగుచున్నదని కనుగొనెను. ఆ పొడియే మన ఇండ్లలోని వంటసోడా. దానిని కాల్చిన చాకలిసోడా యగును. గాజునకును, సబ్బునకును, కాగితమునకును, అద్దకమునకును సోడా లేనిదే పని జరుగదు. 1861 ఏప్రిలు 15వ తేదీన, ఇరువదిమూడు నిండుటకు ఒక దినము ముందు, ఆయన తన పద్ధతికి హక్కుపత్రమును పొందెను.

తరువాత తెలిసివచ్చిన సంగతి యేమనగా, ఇది క్రొత్తది కాదు. డయర్, హెమ్మింగ్ అను ఇరువురు ఇంగ్లండులో 1838లోనే, అనగా సాల్వే పుట్టిన సంవత్సరముననే, ఇదే మార్గమునకు హక్కు పొందియుండిరి. వారి తరువాత పలువురు దీనిని కర్మాగారములలో నడుపబోయి ధనము పోగొట్టుకొనిరి. విద్వాంసుల నడుమ తిరిగినవానికి ఈ వార్త మొదటి దినముననే తెలిసియుండును. గ్యాసు కర్మాగారపు మూల నొంటిగా పనిచేసినవానికి ఎవరు చెప్పుదురు? చెప్పియుండినచో, ఇందఱు ఓడిన పనికి తానేల దిగవలెనని మానియుండునేమో. ఆ ఎఱుగమియే ఆయనకు మేలు చేసిన దనువారు గలరు. మాకు మాత్రము వేఱొకటి తోచుచున్నది. ఒకచోట తెలిసినది మఱియొకచోట తెలియకపోవుటవలన మనుష్యుని శ్రమ ఎంత వ్యర్థమగునో ఆయన తన దేహముతో ఎఱిగెను. ఏబదియేండ్ల తరువాత ఆయన చేసిన పనికి మూలము ఇక్కడనే యున్నదని మా నమ్మకము.

ఆయన వెనుదిరుగలేదు. అంతకు ముందు సోడాను లెబ్లాంకు అను ఫ్రెంచివాని పద్ధతిచే చేయుచుండిరి. దానియందు ఉప్పును గంధకపు ఆమ్లముతో కాచవలెను. పొగగొట్టములనుండి వెలువడు పులుసు ఆవిరికి చుట్టుప్రక్కల పైరులు మాడెడివి. మిగిలిన మష్టు గుట్టలుగ పడి కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టెడిది. సాల్వే పద్ధతికి కావలసినవి ఉప్పునీరు, సున్నపురాయి మాత్రమే. అమ్మోనియా ఖర్చుగాదు, పని చేసి మరల చేతికి వచ్చును. రానిచ్చుటయే కష్టము. అది వాయువు గనుక ఎక్కడ సందు దొరికిన అక్కడ పాఱిపోవును. దాని వెల హెచ్చు. పూర్వులు చెడినది ఇక్కడనే. సాల్వే ఎత్తైన గోపురమువంటి ఇనుప పాత్రను కట్టి, పైనుండి అమ్మోనియా కలిసిన ఉప్పునీరు దిగుచుండగా క్రిందినుండి బొగ్గుపులుసు వాయువు ఎక్కునట్లు చేసెను. రెండును ఎదురెదురుగా నడచుచు కలిసికొనును, పని ఆగదు. సిద్ధాంతము పాతదే, గోపురము ఆయనది. ఈ పద్ధతియందును కాల్షియము క్లోరైడు అను వ్యర్థపదార్థము మిగులుచునే యున్నదని చెప్పకుండుట న్యాయము కాదు.

1863 డిసెంబరులో తమ్ముడు ఆల్ఫ్రెడుతోను, పిర్మేజు అను న్యాయవాది మొదలగు మిత్రులతోను కలిసి సంఘము నేర్పఱచి, షార్లెరువా పట్టణముకడ కూయే అను చోట కర్మాగారము కట్టెను. 1865లో పని ఆరంభమయ్యెను. మొదటి యేండ్లు అంతయు నష్టమే. గొట్టములు మూసికొనిపోవుట, పాత్రలు చెడుట, ధనము చాలకపోవుట. కుటుంబమువారు కూడబెట్టుకొనిన సొమ్మును తెచ్చి యిచ్చిరి. అన్నదమ్ములు రాత్రింబవళ్లు యంత్రములకడనే యుండిరి. కొలది సంవత్సరములలో ఆ కష్టము గట్టెక్కినది. పిమ్మట ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, అమెరికా, రష్యా దేశములలో ఆయన పద్ధతి వ్యాపించినది. 1900 నాటికి ప్రపంచమున తయారగు సోడాలో మిక్కిలి భాగము సాల్వే గోపురములనుండియే వచ్చుచుండెను. ఆయన తన దేశపు మహాధనికులలో ఒకడయ్యెను.

ధనికుడైన పిమ్మట చేసినవానిలో కొన్నిటినే చెప్పెదము. తన కర్మాగారములలో పనివారికి వృద్ధాప్య వేతనములను, ఎనిమిది గంటల పనిదినమును, జీతముతోకూడిన సెలవులను చట్టములు రాకముందే ఏర్పఱచెను. బెల్జియము పెద్దసభయగు సెనేటులో రెండు పర్యాయములు సభ్యుడుగ కూర్చుండెను. బ్రస్సెల్సులో 1893లో శరీరధర్మశాస్త్ర పరిశోధనాలయమును, 1902లో సమాజశాస్త్ర పరిశోధనాలయమును నెలకొల్పెను. పర్వతములెక్కుట ఆయనకు వేడుక. ఆల్ప్సు పర్వతములలో మాటర్‌హార్ను శిఖరపు అంచున, 4,000 మీటర్ల యెత్తున, తుపానులో చిక్కినవారు తలదాచుకొనుటకు ఆయన ధనముతో కట్టిన కొయ్యగుడిసె నేటికిని ఆయన పేరనే యున్నది.

ఆయనకు ఒక బలహీనతయు కలదు. పదార్థము, ఆకర్షణము, ప్రాణము, సమాజము, అన్నిటిని ఒక్క శక్తినియమముచే వివరింపవచ్చునని నమ్మి, దానిపై స్వంతముగ ఒక పెద్ద సిద్ధాంతమును కట్టుకొనెను. చదువు దక్కనివాడు ముదిమియందు ఆ ఋణము తీర్చుకొనదలచినట్లున్నది. శాస్త్రజ్ఞులు దానిని మన్నింపలేదు. ఈ సంగతి ముందు కథకు అవసరము గనుక చెప్పుచున్నాము.

ఇక క్వాంటము సంగతి. కాల్చిన ఇనుము మొదట ఎఱ్ఱగను, తరువాత పసుపుపచ్చగను, పిమ్మట తెల్లగను వెలుగునని కమ్మరికొలిమి చూచినవారందఱు ఎఱుగుదురు. ఏ వేడిమికి ఏ రంగు వెలుగు ఎంత వచ్చునో కచ్చితముగ కొలుచుటకు బెర్లినుకడ షార్లొటెన్‌బర్గునందలి ప్రభుత్వ కొలతల పరిశోధనాలయమువారు పూనుకొనిరి. 1887లో స్థాపితమైన ఆ సంస్థకు భూమి నిచ్చినవాడు వెర్నర్ సీమన్సు అను విద్యుద్యంత్ర పరిశ్రమాధిపతి. దీపముల వెలుగునకు సరియైన ప్రమాణము కావలెనన్నది అక్కడి పనులలో నొకటి. ఆ కొలతలు పాత సూత్రములకు లొంగలేదు. 1900 డిసెంబరు 14వ తేదీన మాక్సు ప్లాంకు అను ఆచార్యుడు, శక్తి ధారవలె ఎడతెగక పాఱక, గింజలవలె లెక్కకువచ్చు ముక్కలుగ ఇచ్చిపుచ్చుకొనబడుచున్నదని తలంచినగాని ఆ కొలతలు సరిపడవని చూపెను. ఆ ముక్కయే క్వాంటము. 1905లో ఐన్‌స్టయిను వెలుగే అట్టి ముక్కలుగ నున్నదనెను. నమ్మినవారు అరుదు. ప్లాంకునకే తన మాటపై దిగులు విడువలేదు.

వాల్టరు నెర్న్‌స్టు అను రసాయనాచార్యుడు మిక్కిలి చల్లనిస్థితిలో వస్తువులు వేడిని గ్రహించు విధమును కొలుచుచు, క్వాంటము మాట నిజమని తెలిసికొనెను. ఇతడు చురుకైనవాడు; తాను కనుగొన్న దీపమునకు హక్కును జర్మను విద్యుత్ సంఘమునకు అమ్మి ధనము గడించి, పరిశ్రమల మర్యాద తెలిసినవాడు. దేశదేశముల పండితులను ఒక్కచోట చేర్చి ఈ చిక్కును విప్పవలెనని ఆయన కోరిక. ప్లాంకు ఇంకను కొంతకాలము ఆగుట మేలనియు, దీని తొందర తెలిసినవారు చేతివ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే యనియు అభిప్రాయపడెను. నెర్న్‌స్టు ఆగలేదు. 1910లో గోల్డ్‌ష్మిట్టు అను బెల్జియము రసాయనజ్ఞుని మూలముగ సాల్వేను కలిసికొని తన తలంపు తెలిపెను. వృద్ధుడు వెంటనే సమ్మతించెను. అప్పటికాయనకు డెబ్బది రెండేండ్లు.

సభ 1911 అక్టోబరు 30వ తేదీన బ్రస్సెల్సులోని మెట్రోపోల్ హోటలులో ఆరంభమై నవంబరు 3వ తేదీ వఱకు జరిగెను. పిలువబడినవారు సుమారు ఇరువదిమంది. ఆహ్వానముతోకూడ ప్రశ్నలును ముందుగనే పంపబడినవి. వారిలో కొందఱు నియమింపబడిన విషయములపై పత్రములను సిద్ధపఱచుకొని రావలెను. ప్లాంకు, ఐన్‌స్టయిను, నెర్న్‌స్టు, సోమర్‌ఫెల్డు, ఇంగ్లండునుండి రూథర్‌ఫర్డు, జీన్సు, ఫ్రాన్సునుండి పోయంకారే, పెర్రిను, లాంజెవాను, మేరీ క్యూరీ వచ్చిరి. స్త్రీ ఆమె ఒక్కతెయే. షార్లొటెన్‌బర్గు పరిశోధనాలయాధ్యక్షుడు వార్బర్గును వచ్చెను. అధ్యక్షస్థానమున హాలండు దేశపు లోరెంట్జు కూర్చుండెను. మూడు భాషలలో మాటలాడువారి నడుమ ఎవరి నొప్పింపక, ఎవరి మాట జాఱవిడువక సభను నడపుట ఆయనకే చెల్లినది.

సాల్వే సభను తెఱచుచు తన స్వంత సిద్ధాంతమును గూర్చి చెప్పి, అచ్చువేయించిన ప్రతులను పంచిపెట్టెను. అతిథులు మర్యాదగ వినిరి. తరువాత ఆ మాట ఎవరును ఎత్తలేదు. ఆయన స్థానమున మఱియొక ధనికుడుండిన, తన సొమ్ముతో వచ్చి తన ఆతిథ్యమున నుండి తన మాటనే పట్టించుకొనకుండిరని చిన్నబోయి చేయి వెనుకకు తీసికొనెడివాడు. సభ ఏమి విచారింపవలెనో సభయే నిర్ణయించునని ఆయన ఊరకుండెను. సోడా వర్తకమునకు ఆ సభవలన ఒక్క కాసు లాభము రాదు. వచ్చునని ఆయన ఆశింపలేదు.

ఆ సభవారి ఛాయాచిత్రము ప్రసిద్ధమైనది. బల్లకడ కూర్చుండినవారిలో ఎడమనుండి మూడవవాడు సాల్వే. కాని చిత్రము తీయునప్పుడు ఆయన అచట లేడు. వేఱొక చిత్రమునుండి ఆయన తలను కత్తిరించి తరువాత అతికించిరి. పరికించి చూచినవారికి ఆ తల తక్కినవానికంటె ఒకింత పెద్దదిగ కనబడును. మా తరగతిలో దీనిని చూపినపుడు పిల్లలు నవ్విరి, మేమును నవ్వితిమి.

సభవలన క్రొత్త సత్యమేదియు బయల్పడలేదు. ఐన్‌స్టయిను అట్లే తలంచి తృప్తి లేకయే తిరిగిపోయెను. అది నిజమే గాని, పూర్తి నిజము కాదు. పోయంకారే అదివఱకు క్వాంటమును పట్టించుకొనినవాడు కాడు. బ్రస్సెల్సు విడిచిన కొలది వారములలోనే ఆ మహాగణితజ్ఞుడు, ముక్కలుగ తప్ప వేఱువిధముగ ఈ కొలతలు సిద్ధింపవని లెక్కతో నిరూపించెను. మఱుసటి జూలైలో మరణించెను. ఎదిరించుచుండిన జీన్సు 1913 నాటికి మనస్సు మార్చుకొనెను. రూథర్‌ఫర్డు ఇంగ్లండునకు పోయి సభావిశేషములను ఒక డేనిష్ యువకునికి వర్ణించి చెప్పెను. ఆ యువకుడు నీల్సు బోరు. 1913లో పరమాణువుయొక్క క్వాంటము నిర్మాణమును తెలిపినవాడు. సభాకార్యక్రమమును అచ్చువేయించిన కార్యదర్శులలో నొకడు మారిస్ డి బ్రోలీ. ఆ కాగితములను చదివిన ఆయన తమ్ముడు లూయీ, చరిత్ర చదువుకొనినవాడు, పదార్థవిజ్ఞానమునకు తిరిగి, 1924లో పదార్థమునకును తరంగస్వభావము కలదని చెప్పెను. ఒక పట్టణమున తెలిసినది మఱియొక పట్టణమున తెలియుట యనగా ఇదియే గదా!

1912 మే 1వ తేదీన సాల్వే పది లక్షల ఫ్రాంకుల మూలధనముతో ముప్పదియేండ్లకు ఒక అంతర్జాతీయ పదార్థవిజ్ఞాన సంస్థను స్థాపించెను. దాని నిబంధనలు చదువదగినవి. విషయములను నిర్ణయించుటకు పలుదేశముల శాస్త్రజ్ఞుల సంఘమొకటి. ధనమును చూచుటకు వేఱొక సంఘము. ఈ రెండవ దానిలో బెల్జియము రాజు నియమించిన సభ్యుడు ఒకడు, విశ్వవిద్యాలయము పంపిన సభ్యుడు ఒకడు, సాల్వే వంశమువారి పక్షమున ఒకడు. శాస్త్రము, రాజ్యము, పరిశ్రమ మూడును ఇంట నుండెను. అయినను ఏది ఏ గదిలో నుండవలెనో ముందే గీచి పెట్టెను. ధన మిచ్చినవాడు ప్రశ్న లేర్పఱచరాదన్న నియమము ఆయన తనకు తాను వ్రాసికొనినది.

రెండవ సభ 1913లో జరిగెను. మఱుసటి ఆగస్టులో జర్మను సేనలు బెల్జియములో ప్రవేశించెను. లూవేను గ్రంథాలయము కాలిపోయెను. అక్టోబరులో జర్మనీలోని తొంబదిమువ్వురు ప్రముఖులు తమ సేనలు తప్పుచేయలేదని లోకమునకు ఒక ప్రకటన వెలువరించిరి. సంతకము చేసినవారిలో ప్లాంకును, నెర్న్‌స్టును ఉండిరి. మూడేండ్లక్రిందట మెట్రోపోల్ హోటలులో సాల్వే బల్లకడ కూర్చుండినవారు! ఆ బల్లకడనే కూర్చుండిన ఆస్ట్రియా దేశపు హాసెనోర్లు 1915లో యుద్ధభూమిని కూలెను. నెర్న్‌స్టు కుమారు లిద్దఱు, ప్లాంకు కుమారుడొకడు ఆ యుద్ధముననే మరణించిరి. సాల్వే ఆ నాలుగేండ్లును శత్రువుల యేలుబడిలోనున్న దేశప్రజకు ఆహారము పంచు జాతీయసంఘమునకు అధ్యక్షుడుగ నుండెను. 1918లో రాజు ఆయనకు రాజ్యమంత్రి యను బిరుదు నొసగెను.

1921లో సభ మరల కూడినపుడు జర్మనీనుండి పిలువబడినవాడు ఐన్‌స్టయిను ఒక్కడే; ఆయన అమెరికా పయనమునందుండి రాలేదు. గాయము పచ్చిగా నున్నపుడు బెల్జియమువారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. అయినను ప్లాంకు లేని క్వాంటము సభ ఎట్టిదో చదువరులే ఊహింపవచ్చును. సాల్వే ఆ కొఱత తీరుట చూడలేదు. 1922 మే 26వ తేదీన, ఎనుబది నాలుగవ యేట, బ్రస్సెల్సులో కన్నుమూసెను. 1926లో లోరెంట్జు ఆల్బర్టు రాజును దర్శించి జర్మను పండితులను మరల పిలుచుటకు అనుమతి వేడెను. ఎవరి దేశము కాళ్లక్రింద త్రొక్కబడెనో ఆ రాజే సమ్మతించెను. 1927 అక్టోబరులో ప్లాంకు, ఐన్‌స్టయిను, బోరు, హైసెన్‌బర్గు, ష్రోడింగరు, డిరాకు, మేరీ క్యూరీ ఒకే మందిరమున కూడిరి. ఆ ఇరువది తొమ్మండ్రిలో పదునేడుగురు అంతకు ముందో తరువాతనో నోబెలు బహుమానము పొందినవారు. అధ్యక్షుడు లోరెంట్జే. మూడు నెలల పిమ్మట ఆయనయు గతించెను.

ముప్పదియేండ్లకని పెట్టిన సంస్థ నేటికిని నడచుచున్నది. సాల్వే మరణించి నూఱేండ్లు నిండిన 2022 మే నెలలో దాని ఇరువది యెనిమిదవ పదార్థవిజ్ఞాన సభ బ్రస్సెల్సులో జరిగెను. శాస్త్రజ్ఞులు ఆ సభకు ఎన్నుకొనిన విషయము క్వాంటము సమాచారశాస్త్రము.